ఐదు సెంటీమీటర్ల నీళ్ళు

బెంగళూరు, పీణ్యా రెండో స్టేజీ,
పౌడర్ కోటింగ్ షెడ్డు వెనక,
రాత్రి షిఫ్టులో నాకు తోడు
ఒక రబ్బరు ఊపిరితిత్తి.
దానికి పేరు లేదు, జబ్బు లేదు.
నిమిషానికి పద్నాలుగుసార్లు ఉబ్బుతుంది, తగ్గుతుంది.
"తగ్గేటప్పుడే చూడాలి" అనేవాడు తిప్పన్న,
"నింపడానికేం, సైకిల్ పంపైనా నింపుతుంది."

విడిచే శ్వాస చివర
కొంచెం గాలి లోపలే నిలవాలి.
లేకపోతే లోపలి గదులు
తడి కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి.
ఆ మిగులుకి కొలత ఐదు సెంటీమీటర్ల నీళ్ళు,
గ్లాసులో మూడు వేళ్ళెత్తు.
దాన్ని కాపాడేది ఒక సిలికాన్ రేకు, ఉల్లిపొరంత.
తిప్పన్న పనికిరాని రేకులు తీసి
కింది పెదవికి ఆనించి చెప్పేవాడు:
ఇది దళసరి, ఇది ఇంకా దళసరి.
ఆ పెదవితో సహా రిటైరయ్యాడు.
ఇప్పుడు లేజరు చెబుతుంది.
నిజం ఒప్పుకోవాలంటే, లేజరే ఎక్కువసార్లు గెలిచింది.

పక్క షెడ్డులో కాళ్ళు చేస్తారు.
గోడకి వరసగా వేలాడతాయి
ఇంకా ఎవరివీ కాని మోకాళ్ళు.
మునిరత్నమ్మది మార్కెట్లో కనకాంబరాల బేరం.
చిక్కబళ్ళాపురం లారీ ఒకటి
ఆమె కుడికాలు తొడదాకా పట్టుకుపోయింది.
డిజైన్ కుర్రాడు శ్రీవత్స
రెండు కడ్డీల మధ్య ఆమెను నడిపించి
లాప్‌టాప్‌లో గీతలు చూసి మురిశాడు:
"మీ నడక తొంభై రెండు శాతం మామూలేనమ్మా."
"నడిచేది ఎంతసేపు నాయనా?
తెల్లారి మూడింటినుంచి కూచునే కదా పూలు కట్టేది.
బాసింపట్టు వెయ్యనీని కాలు ఏం కాలు?"

చెవులు ఎర్రబడ్డాయి శ్రీవత్సకి.
నాలుగు నెలలు కూర్చుని
మోకాలి పైన ఒక తిరుగుడు బిళ్ళ పెట్టాడు.
బొత్తాం నొక్కితే కాలు పక్కకి తిరిగి మడత పడుతుంది,
మళ్ళీ నిలువుగా వచ్చి టక్‌మంటుంది.
ఆ టక్ మీద ఇంకో రెండు నెలలు:
స్ప్రింగు మార్చాడు, నైలాన్ వాషరు వేశాడు,
మా డబ్బాలో గ్రీజు అడక్కుండానే తీసుకుపోయాడు.

కిందటి వానాకాలం, సర్వీసు కాల్.
ఆసుపత్రి, నాలుగో అంతస్తు.
మిషన్ వెనక స్టిక్కరు మీద నా వంకర సంతకం,
ముందువైపు, దుప్పటి కింద, ఒక పిల్లాడు.
నేను వెనకవైపే ఉండిపోయాను.
పైపులో చేరిన తడి తుడిచాను, సెన్సర్ మార్చాను.
అంకెలు నా రబ్బరు తిత్తి దగ్గర ఎలా వస్తాయో
అచ్చం అలాగే వచ్చాయి.
తలుపు దగ్గర వాళ్ళమ్మ
నా నీలం కోటు చూసి డాక్టరనుకుంది.
ఏమీ అడగలేదు. చూసింది.
"మిషన్ బాగుందమ్మా" అన్నాను.
అంతకుమించి నాకు తెలిసింది లేదు.
లిఫ్టు కోసం ఆగకుండా
నాలుగంతస్తులూ మెట్లమీదే దిగాను.

నిన్న మునిరత్నమ్మ వచ్చింది.
సిమెంటు నేలమీద బాసింపట్టు వేసి
కొంగుముడిలోంచి దారం తీసి, లేని పూలు నాలుగు కట్టింది.
లేచేటప్పుడు కాలు నిలువుగా వచ్చింది, నిశ్శబ్దంగా.
ఆమె కదల్లేదు.
"చప్పుడేదీ?"
"తీసేశానమ్మా."
"మళ్ళీ పెట్టు. అది అంటేనే కదా
కాలు పట్టిందని నాకు తెలిసేది.
తోలు లేదు, ఎముక లేదు. చెవికైనా తెలియనీ."
శ్రీవత్స తల పట్టుకున్నాడు.
నాకు నవ్వొచ్చింది, చాలా రోజులకి.

ఈ రాత్రి బల్లమీద
ఆ నాలుగో అంతస్తు మిషనే ఉంది,
పరీక్షకి తిరిగొచ్చింది, కడిగి, ఖాళీగా.
నేను వెళ్ళిన రోజు నుంచి
ఎన్ని గంటలు నడిచిందో దాని మీటర్లో ఉంది.
తీసివేత చెయ్యలేదు.
పక్క షెడ్డులో లైటు ఇంకా వెలుగుతోంది.
టక్.
కాసేపాగి, టక్.
నేను పైపు బిగించి
శ్వాస చివర ముల్లు ఐదు దగ్గర ఆగుతుందా అని
వంగి చూస్తున్నాను.